తాతయ్య ఫొటో నిలిచింది, అమ్మ పెళ్లి ఆల్బమ్ ఎందుకు ఎర్రబడింది?

చాలా ఇళ్లలో కనిపించే విషయమే ఇది. 1960లలో స్టూడియోకు వెళ్లి తీయించుకున్న తాతయ్య, నాయనమ్మల నలుపు తెలుపు ఫొటో ఏళ్ల తరబడి హాల్లో గోడకు వేలాడుతూనే ఉంది. అయినా నాయనమ్మ చీర అంచు గీతలు ఇప్పటికీ విడివిడిగా కనిపిస్తాయి. 1980లలో జరిగిన అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్‌ను మాత్రం బీరువాలో, పట్టుచీరల కింద, వెలుగు సోకకుండా దాచారు. ఇప్పుడు తెరిచి చూస్తే ముఖాలు ఎర్రబడ్డాయి, మామిడి తోరణం గోధుమ రంగుకు తిరిగింది, తెల్ల పంచె పసుపు బారింది. పాతది నిలిచి కొత్తది పోవడం ఏమిటి? అందులోనూ జాగ్రత్తగా దాచినదే పోవడం ఏమిటి?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఇంకో ప్రశ్న ఎదురైంది. ఫ్రిజ్, మంచాలు మళ్లీ కొనుక్కోవచ్చు. బురదనీళ్లలో నానిన ఆల్బమ్‌ల సంగతేమిటి? మరోపక్క ‘ఆర్కైవల్’, ‘యాసిడ్ ఫ్రీ’ అని రాసిన ఆల్బమ్‌లు అమ్ముతున్నారు. ‘స్కాన్ చేయించేస్తే చాలు, ప్రింట్లెందుకు’ అనేవాళ్లూ ఉన్నారు. ఇందులో ఏది ఎంతవరకు నిజమో తేలాలంటే ముందు ఫొటో దేనితో తయారైందో చూడాలి.

## నలుపు తెలుపులో వెండి, కలర్‌లో ఉత్త రంగులు

ఫొటో ప్రింటులో మూడు భాగాలుంటాయి. అడుగున కాగితం. దాని మీద సన్నటి జెలటిన్ పొర. మందుల క్యాప్సూళ్లు చేసేది కూడా ఈ జెలటిన్‌తోనే. ఆ పొరలో బొమ్మను చూపించే పదార్థం మూడోది. ఫొటో ఎంతకాలం ఉంటుందన్నది చాలావరకు ఈ మూడోదాని మీదే ఆధారపడుతుంది.

నలుపు తెలుపు కాగితం మీద వెలుగు పడినచోట వెండి లవణాలు డెవలపర్ అనే రసాయన ద్రావణంలో వెండి లోహపు రేణువులుగా మారతాయి. మిగిలిన లవణాన్ని హైపో ద్రావణం కరిగించి తీసేస్తుంది. చివరకు మనకు నల్లగా కనిపించేది వెండి. వెలుగు దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. హైదరాబాద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో చనిపోయారు. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం దగ్గర ఉన్నాయి. శతాబ్దం దాటినా వాటిలో బొమ్మ నిలిచి ఉందంటే, ఆ బొమ్మ వెండితో ఏర్పడింది కాబట్టే.

కలర్ కాగితంలోనూ మొదట పని చేసేది వెండి లవణాలే. అయితే డెవలప్ చేసేటప్పుడు ఒక్కో పొరలో ఒక్కో రంగు పుడుతుంది: సయాన్ అనే ఆకాశనీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు. ఆ తర్వాత బ్లీచ్ చేసి వెండి మొత్తాన్ని తీసేస్తారు. అంటే పూర్తయిన కలర్ ఫొటోలో వెండి ఉండదు, ఆ మూడు రంగులే ఉంటాయి. అవి కర్బన అణువులు. వేడి, తేమ, వెలుగు, ఏది తగిలినా నెమ్మదిగా విరుగుతాయి.

ఇంట్లోనో జిరాక్స్ షాపులోనో ప్రింటర్ మీద తీసినవి వేరే జాతి. వాటిలో డై ఇంకు, పిగ్మెంట్ ఇంకు అని రెండు రకాలున్నాయి. డై ఇంకు నీళ్లలో కరిగిన రంగు. పిగ్మెంట్ ఇంకులో రంగు కరగని సన్నటి రేణువులుగా ఉంటుంది, అందుకే ఎక్కువ కాలం ఉంటుంది. డై ఇంకు ప్రింటును విప్పి ఉంచితే గాలిలోని ఓజోన్ కూడా దాన్ని పాలిపోయేలా చేస్తుంది. ఇక ఈ రోజుల్లో పెళ్లిళ్లకు ఇచ్చే బరువైన కరిజ్మా ఆల్బమ్‌ల విషయంలో ఒకే సమాధానం ఉండదు. కొన్ని అసలైన ఫొటో కాగితం మీద, కొన్ని డిజిటల్ ప్రెస్ మీద ముద్రిస్తారు. పైన లామినేషన్, లోపల అట్ట, జిగురు. ప్రింటు మంచిదైనా జిగురు చెడ్డదైతే ఆల్బమ్ చెడుతుంది. ఆర్డరు ఇచ్చేటప్పుడు డిజైన్ గురించి గంటసేపు మాట్లాడతాం. ఏ కాగితం, ఏ ఇంకు అని కూడా అడిగితే బాగుంటుంది.

## వెలుగు సోకకపోయినా ఎరుపెందుకు?

రంగు వెలవడం అనగానే ఎండలో ఆరేసిన చీర గుర్తొస్తుంది. ఫొటో అలా వెలుగుకూ వెలుస్తుంది, చీకట్లోనూ వెలుస్తుంది. ఇవి రెండు వేర్వేరు చర్యలు.

వెలుగులో పెట్టిన పాత కలర్ ప్రింట్లలో సాధారణంగా ముందు తగ్గేది మెజెంటా. చీకట్లో దాచిన పాత ప్రింట్లలో ఎక్కువగా తగ్గేది సయాన్. సయాన్ తగ్గితే మిగిలేవి మెజెంటా, పసుపు. ఆ రెండూ కలిస్తే ఎరుపు. బీరువాలోని పెళ్లి ఆల్బమ్ ఎర్రబడటానికి కారణం ఇదే. తెల్ల పంచె పసుపు బారడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ కాలపు కాగితాల్లో రంగుగా మారకుండా మిగిలిపోయిన రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ తానే పసుపు మరకగా మారేది.

వెలుగు నుంచి దాచినంత మాత్రాన ఇది ఆగదు. దీన్ని నడిపించేది వేడి. రసాయన చర్యల గురించి సంరక్షణ నిపుణులు ఒక ఉజ్జాయింపు లెక్క వాడతారు: ఉష్ణోగ్రత సుమారు 5 డిగ్రీలు తగ్గితే చెడిపోయే వేగం దాదాపు సగమవుతుంది. దీన్ని మన ఇంటికి వర్తింపజేద్దాం. వేసవిలో కాంక్రీటు శ్లాబు కింది అటక మీద 40 డిగ్రీలు ఉందనుకుందాం. అదే ఇంట్లో కింద, లోపలి గదిలో 30 డిగ్రీలు. తేడా 10 డిగ్రీలు, అంటే రెండుసార్లు సగం. అటక మీది ఆల్బమ్ ఒక వేసవిలో ఎంత వెలుస్తుందో, కింది గదిలోది అంత వెలవడానికి సుమారు నాలుగు వేసవులు పడుతుంది. 25 డిగ్రీల దగ్గర ఉండే గదిలోనైతే ఎనిమిది. ఇది కచ్చితమైన జోస్యం కాదు, చలికాలంలో తేడా తగ్గుతుంది. కానీ ఆల్బమ్ ఎంత ఖరీదైనదన్న దానికంటే ఎక్కడ పెట్టామన్నదే ఎక్కువ ముఖ్యమని దీనివల్ల తెలుస్తుంది. పైసా ఖర్చు లేకుండా ఫొటో ఆయుష్షు పెంచే పని అటక మీద నుంచి కిందికి దించడం.

కాగితాలన్నీ ఒకేలా ఉండలేదు. 1980ల నుంచి కంపెనీలు రంగుల నిలకడ మీద పోటీ పడ్డాయి. తర్వాతి దశాబ్దాల్లో వచ్చిన మంచి కలర్ కాగితాలు 1970ల నాటి వాటికంటే చాలా మెరుగు. కాబట్టి ఇంట్లో అన్నిటికంటే ఆపదలో ఉన్నవి తాతల నాటి ఫొటోలు కావు. కలర్ లాబ్‌లు ఊరూరా వచ్చిన తొలి రోజుల నుంచి 1990ల దాకా తీసిన ఫొటోలు. మనం మాత్రం ‘కొత్తవే కదా’ అని వాటిని పట్టించుకోం.

## వెండికీ శత్రువులున్నారు

వెండి వెలుగుకు చలించదు కానీ గాలికి చలిస్తుంది. పాత నలుపు తెలుపు ఫొటోను ఏటవాలుగా పట్టుకుంటే అంచుల్లో, ముదురు భాగాల్లో నీలి మెరుపు కనిపిస్తుంది. తేమ, గాలిలోని ఆక్సీకరణ వాయువులు కలిసి లోపలి వెండిని కొద్దికొద్దిగా కరిగిస్తాయి. అది పైకి చేరి మళ్లీ లోహంగా మారి అద్దంలా మెరుస్తుంది. గంధకం తగిలితే వెండి పసుపు, గోధుమ రంగులకు దిగుతుంది. ఫొటోల కట్టకు వేసిన రబ్బరు బ్యాండులో గంధకం ఉంటుంది. స్టూడియోలో సరిగా కడగకుండా వదిలేసిన హైపోలోనూ ఉంటుంది. ఒకే ఏడాది, ఒకే ఊళ్లో, రెండు స్టూడియోల్లో తీయించుకున్న ఫొటోల్లో ఒకటి బాగుండి ఒకటి పసుపు బారడానికి చాలాసార్లు ఈ కడుగుడులో తేడాయే కారణం.

ఆయిల్ పెయింట్ ఆరేటప్పుడు పెరాక్సైడ్లు వెలువడతాయి. ప్లైవుడ్, ఎండీఎఫ్‌లు ఫార్మాల్డిహైడ్‌ను, ఆమ్ల ఆవిర్లను వదులుతాయి. ఇవి రెండూ వెండికి పడవు. ఇంటికి రంగులు వేయించినప్పుడు, కొత్త కప్‌బోర్డులు చేయించినప్పుడు పాత ఫొటోలను కొన్ని వారాలు వేరే గదిలో ఉంచమని సంరక్షకులు చెప్పేది అందుకే. ఈ లెక్కన మన ఇళ్లలోని పాత ఇనప బీరువా మంచి చోటు. రంగును సరిగా కాల్చి పట్టించిన స్టీలు దాదాపుగా ఆవిర్లు వదలదు. పెద్ద పెద్ద భాండాగారాలు వాడేదీ అలాంటి స్టీలు అల్మారాలే. అయితే అందులో వేసే కలరా ఉండలు మాత్రం ఫొటోల దగ్గర వద్దు. నాఫ్తలీన్ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, మళ్లీ పలుకులుగా పేరుకుంటుంది కూడా.

## తేమ: విశాఖ లెక్క వేరు, హైదరాబాద్ లెక్క వేరు

జెలటిన్ తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. కాగితం అంత ఉబ్బదు. అందుకే ఫొటోలు చుట్టుకుపోతాయి, పగుళ్లిస్తాయి. సాధారణంగా చెప్పే మంచి హద్దు 30 నుంచి 50 శాతం సాపేక్ష తేమ. 65 శాతం దాటి కొన్నాళ్లు ఉంటే బూజు మొదలవుతుంది. బూజుకు జెలటిన్ తిండి. సిల్వర్‌ఫిష్ పురుగులకూ అంతే.

విశాఖ, కాకినాడ లాంటి తీర నగరాల్లో వానాకాలమంతా గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది. హైదరాబాద్‌లో వేసవి బాగా పొడిగా ఉంటుంది, వానాకాలం మాత్రం పొడి కాదు. పుస్తకాల్లో చెప్పే 18 డిగ్రీలు, 40 శాతం తేమ ఏడాది పొడవునా ఉంచడం మన మామూలు ఇళ్లలో జరిగే పని కాదు. ఇక్కడ రెండు వాదనలున్నాయి.

ఒకటి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఫొటోలను మూసేయాలని. తీరప్రాంతంలో ఇది బాగా పనిచేస్తుంది. సిలికా జెల్ తేమతో నిండితే అందులో కలిపిన రంగు మారుతుంది, అప్పుడు వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. రెండో వాదన, మూసేస్తే చెడు ఆవిర్లు కూడా లోపలే ఉండిపోతాయని. పాత ఆమ్ల అట్టలు, పీవీసీ కవర్లతో సహా మూసేస్తే ఈ భయం నిజమే. మనవాళ్లు ఎండాకాలంలో ఆల్బమ్‌లు తీసి నీడలో గాలికి ఆరబెట్టే అలవాటు రెండో వాదనకు దగ్గర. నా ఉద్దేశంలో ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు. ముందు చెడు అట్టలు, కవర్లు తీసేసిన ఫొటోలకు తీరంలో మూత డబ్బా మేలు. వాటిని తీయలేకపోతే తెరిచే వీలున్న బీరువా నయం. సిలికా జెల్ మార్చే ఓపిక లేని ఇంట్లో మూత డబ్బా ఒక వానాకాలం తర్వాత బూజు డబ్బా అవుతుంది.

ఇక ఫ్రిజ్ సంగతి. పెద్ద భాండాగారాలు కలర్ ఫిల్ములను, ప్రింట్లను చల్లటి గదుల్లో ఉంచుతాయి. పైన చెప్పిన లెక్క ప్రకారం అది సరైన పనే. ఇంటి ఫ్రిజ్‌లో మాత్రం లోపల తేమ ఎక్కువ, కరెంటు పోతుంది, బయటికి తీసిన వెంటనే చల్లటి ఫొటో మీద నీటి బిందువులు కమ్ముకుంటాయి. ఒకదానిలో ఒకటిగా రెండు సంచుల్లో సీలు చేసి, తీసిన తర్వాత మామూలు వేడికి వచ్చేదాకా విప్పకుండా ఉండగలిగినవాళ్లకే అది పనికొస్తుంది.

## ‘యాసిడ్ ఫ్రీ’ అంటే ఎంత, కానిది ఎంత

‘ఆర్కైవల్’ అన్న మాట ఏ ఆల్బమ్ మీదైనా ముద్రించుకోవచ్చు, దాన్ని ఆపే ప్రమాణం ఏదీ లేదు. ‘యాసిడ్ ఫ్రీ’ అంటే తయారైన రోజున కాగితంలో ఆమ్లం లేదని. కాగితంలో కలప నుంచి వచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఉంటే తర్వాత ఆమ్లం పుడుతుంది. వార్తాపత్రిక పసుపు బారేది దానివల్లే. అందుకే ‘లిగ్నిన్ ఫ్రీ’ అన్నది కూడా చూడాలి. వీటన్నిటికంటే నమ్మదగినది ఫొటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్, పొట్టిగా పీఏటీ. ఐఎస్ఓ 18916 అన్నది దాని ప్రమాణం. కాగితం, జిగురు, ప్లాస్టిక్, ఏదైనా సరే, ఫొటో పక్కన పెట్టి వేడిలో, తేమలో ఉంచి అది బొమ్మను పాడుచేస్తుందా, మరక చేస్తుందా అని చూస్తారు.

ఉదాహరణకు ఒక ఆల్బమ్ మీద ‘యాసిడ్ ఫ్రీ పేజీలు’ అని ఉంది. పేజీలు నిజంగానే మంచివి. కానీ ఫొటో దూర్చే పారదర్శక కవరు పీవీసీ, కొత్తది తెరవగానే గుప్పున వాసన కొడుతుంది. పీవీసీని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం నెమ్మదిగా బయటికి వచ్చి ఫొటోకు అంటుకుంటుంది. పాతబడేకొద్దీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా వెలువడుతుంది. రాసిన మాట అబద్ధం కాదు, కానీ ఫొటోను తాకేది పేజీ కాదు, కవరు. పాలీప్రొపిలీన్, పాలిథిలీన్, పూత లేని పాలియెస్టర్ కవర్లకు ఈ సమస్య ఉండదు.

1980, 90లలో బాగా నడిచిన అంటుకునే పేజీల ఆల్బమ్‌ల మీద నిపుణుల్లోనే భేదం ఉంది. అట్టకు పూసిన జిగురు చారలు, పైన లాగి మూసే ప్లాస్టిక్ పొర, అదే ఆ ఆల్బమ్. జిగురు ఫొటో వెనక మరకలు చేస్తుంది, కొన్నిచోట్ల గట్టిపడి రాయిలా పట్టేస్తుంది. వెంటనే తీసేయాలని కొందరంటారు. తీసేటప్పుడు చిరిగే ఫొటోలు, జిగురు చేసే నష్టం కంటే ఎక్కువని ఇంకొందరు. రెండు వర్గాలూ ఒప్పుకునేది ఒకటుంది: ఏదీ కదపకముందే ప్రతి పేజీని ఉన్నదున్నట్టు ఫొటో తీయాలి. ఏ ఫొటో పక్కన ఏది ఉందో, కింద ఎవరు ఏం రాశారో అదంతా సమాచారమే. సులభంగా వచ్చేవాటి కింద పళ్లకు వాడే ఫ్లాస్ దారం నెమ్మదిగా జరుపుతూ విడదీస్తారు. రానివాటిని వదిలేస్తారు.

## పటం కట్టిన ఫొటో

ఫ్రేములో ఫొటోకూ గాజుకూ మధ్య ఖాళీ లేకపోతే తేమకు మెత్తబడిన జెలటిన్ గాజుకు అతుక్కుంటుంది. చనిపోయినవాళ్ల ఫొటోకు దండ వేసి, బొట్టు పెట్టి, ఎదురుగా దీపం, అగరబత్తి వెలిగించే ఇళ్లలో ఆ ఒక్క ఫొటోయే చాలాసార్లు వాళ్ల గుర్తుగా మిగిలినది. పూల తడి, పొగ, వానకు చెమ్మెక్కే గోడ, మూడూ దాని మీదే. అతుక్కున్న ఫొటోను లాగితే ముఖం గాజుకే ఉండిపోతుంది. గాజుతో సహా స్కాన్ చేయడమే మేలు. గోడకు మంచి నకలు వేలాడదీసి అసలును లోపల ఉంచడం భక్తికి లోటు కాదు. ఆ ముఖాన్ని మనవలకు దక్కించడం కూడా వాళ్లను గౌరవించడమే. యూవీ గాజు కొంత సాయం చేస్తుంది కానీ మామూలు వెలుగు చేసే నష్టాన్ని ఆపలేదు.

## నీళ్లలో నానిన ఆల్బమ్

నానిన ఫొటో వెంటనే పోయినట్టు కాదు. చాలాసార్లు దాన్ని పాడుచేసేది నీటికంటే, ఒకదానికొకటి అంటుకుని ఎండిపోవడం. అందుకే ఆల్బమ్‌ను అలాగే ఎండలో పెట్టడం చేటు. తడిగా ఉండగానే పేజీలు విడదీసి, బొమ్మను వేలితో రుద్దకుండా చల్లటి శుభ్రమైన నీళ్లలో ముంచి తీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెడతారు. రెండు రోజుల్లోపు ఇదంతా కాదనిపిస్తే ఫొటోలను సంచుల్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే బూజు ఆగుతుంది, తర్వాత తీరిగ్గా చూడొచ్చు. 2011 మార్చిలో జపాన్‌లో సునామీ వచ్చాక ఫ్యూజీఫిల్మ్ కంపెనీ, వాలంటీర్లు ఇలాగే బురదలో దొరికిన కుటుంబ ఫొటోలను కడిగి, ఆరబెట్టి, సొంతదారులకు చేర్చారు. స్టూడియో కాగితం మీది ఫొటోలు ఈ కడుగుడుకు తట్టుకుంటాయి. డై ఇంకు ప్రింట్లు మాత్రం నీళ్లలో కారిపోతాయి.

## స్కాన్ ఉంటే ప్రింటు ఎందుకు?

లెక్క వేసి చూద్దాం. 4 అంగుళాలు, 6 అంగుళాల ఫొటోను 600 డీపీఐ వద్ద, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 2,400 బై 3,600 పిక్సెళ్లు, అంటే 86 లక్షల 40 వేలు. పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున, కుదించని టిఫ్ ఫైలు దాదాపు 26 ఎంబీ. 500 ఫొటోలకు 13 జీబీ. ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. అమెరికాలో ఉన్న అక్కకూ, ఊళ్లో ఉన్న బాబాయికీ చెరొక ప్రతి ఇవ్వొచ్చు. ఎర్రబడ్డ ఫొటోలో సయాన్ ఇంకా కొంత మిగిలి ఉంటే, స్కాన్ మీద రంగులు చాలావరకు తిరిగి తేవచ్చు. పూర్తిగా పోయాక తేలేం. అందుకే స్కానింగ్ 1970–90ల కలర్ ఆల్బమ్‌లతో మొదలుపెట్టాలి, తాతయ్య ఫొటో కొన్నేళ్లు ఆగగలదు. వాట్సాప్‌లో పంపుకున్న ప్రతిని మాత్రం స్కాన్‌గా లెక్కేయకూడదు, అది కుదించిన నకలు.

ప్రింటు ఉండాలనేవాళ్ల వాదనకూ బలముంది. హార్డ్‌డిస్క్ ఒక్కరోజులో మొత్తం పోతుంది, పాస్‌వర్డ్ తెలిసిన మనిషి పోతే క్లౌడ్ తెరుచుకోదు. ప్రింటు మెల్లగా పాడవుతుంది, చూసుకునే వ్యవధి ఇస్తుంది. పైగా స్కాన్‌లోకి రానివి ప్రింటు మీద ఉంటాయి: వెనక స్టూడియో ముద్ర, తేదీ, ఎవరిదో చేతిరాత. వెనక వైపును కూడా స్కాన్ చేస్తే అందులో సగం దక్కుతుంది.

పేర్లు రాసే విషయంలో కాగితం రకం మళ్లీ ముందుకొస్తుంది. పాత మందపాటి కాగితం వెనక మెత్తటి పెన్సిల్‌తో, అంచుల దగ్గర తేలిగ్గా రాయొచ్చు. 1970ల తర్వాతి ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిల్ పట్టదు. బాల్‌పెన్ గట్టిగా నొక్కితే గీత ముందువైపు బొమ్మలో తేలుతుంది, మామూలు ఇంకు ఆరక పై ఫొటోకు అంటుకుంటుంది. వాటికి పిగ్మెంట్ ఇంకు పెన్నుతో అంచున రాసి బాగా ఆరనివ్వడమో, కవరు మీద ముందే రాసి తర్వాత ఫొటోను లోపల పెట్టడమో దారి. ‘అమ్మమ్మ’ అని రాస్తే మనవరాలి తరానికి ఆమె ఎవరికి అమ్మమ్మో తెలియదు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఊరు, సుమారుగానైనా ఏడాది ఉండాలి. ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రాసుకోవాల్సిన పని ఇది.